పాఠం మీరు చెప్పక్కర్లేదు... ఒప్పజెప్పించుకోండి చాలు!

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో గాలి మారిపోతుంది. టీవీ గొంతు తగ్గుతుంది. పెళ్లికి పిలుపు వస్తే వెళ్లాలా వద్దా అని తల్లి వెనకా ముందూ ఆడుతుంది. "సదువుకో నాయనా", "పుస్తకం తియ్యి పాపా" అనే మాటలు పొద్దున స్టవ్ వెలిగించింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా వినిపిస్తూనే ఉంటాయి. ఇంతా చేసి, "ఏం సదివినావు?" అని అడిగితే "అంతా సదివినాలేమా!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజంగా చదివారా, పుస్తకం ముందు కూర్చుని లేచారా? ఎట్లా తెలిసేది?

మైదుకూరు వైపు తల్లులకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇక్కడా, చుట్టుపక్కల దువ్వూరు, చాపాడు, ఖాజీపేట పొలాల్లోనూ పసుపు తవ్వేది జనవరి నుంచి మార్చి వరకే. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, అకాల వాన వస్తుందేమోనని ఆకాశం చూస్తూ ఉండాలి. సరిగ్గా అవే నెలలు పిల్లల చదువుకీ ముఖ్యం. జమ్మలమడుగులో మగ్గం ఉన్న ఇంట్లో, ప్రొద్దుటూరులో దుకాణం నడుపుకునే ఇంట్లో, పులివెందుల వైపు అరటి, చీనీ తోటలున్న ఇంట్లో కూడా అమ్మకు తీరిక దొరకడం కష్టమే. పైగా పుస్తకం తెరిచి చూస్తే అంతా ఇంగ్లీషు!

"నేను సదివింది ఐదు. వాని పుస్తకంలో ఒక్క ముక్క నాకు అర్థం కాదు. నేనేం సెప్పించేది?" అని నిట్టూర్చే తల్లులు ఎందరో. డిగ్రీ చదివిన తల్లులు కూడా తక్కువేం బాధపడటం లేదు. వాళ్లు చదివిన రోజుల్లోని లెక్కలు వేరు, ఇప్పటి లెక్కలు వేరు మరి!

అయితే ఇందులో దిగులు పడాల్సిందేమీ లేదు. పాఠం చెప్పడం బడి పని. ఆ పాఠాన్ని పిల్లల చేత మళ్లీ చెప్పించుకోవడం ఇంటి పని. ఈ రెండో పనికి అమ్మకు ఇంగ్లీషు రానక్కర్లేదు, లెక్కలు రానక్కర్లేదు. కావలసిందల్లా రోజుకో అరగంట ఓపిక.

పరీక్ష అంటే భయమెందుకు?

కొన్ని అంకెలు చూద్దాం. మన రాష్ట్రంలో 2019లో పదో తరగతి పరీక్ష రాసిన పిల్లల్లో నూటికి 94.88 మంది పాసయ్యారు. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో పరీక్షలే జరగలేదు. 2022లో మళ్లీ పెడితే పాసైన వాళ్లు నూటికి 67.26 మందే! అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు తప్పారు. ఆ తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం మంది గట్టెక్కారు.

2022లో పిల్లల తెలివి ఒక్కసారిగా ఎక్కడికి పోయింది? తెలివి ఎక్కడికీ పోలేదు. బడి తెరుచుకుంటూ మూసుకుంటూ గడిచిన రెండేళ్లలో ఒకచోట కూర్చుని చదవడం, చదివింది కాగితం మీద రాయడం అనే అలవాటు చాలామందికి తప్పిపోయింది. ఇతర కారణాలూ ఉండొచ్చు గానీ, అలవాటు తప్పడం చిన్న సంగతి కాదని ఆ ఏడాది తల్లులందరూ తమ ఇళ్లలోనే చూశారు.

అదీగాక, 2024-25 నుంచి పదో తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పద్ధతి పుస్తకాలు వచ్చాయి. ఎక్కువమంది పిల్లలు పరీక్ష రాస్తున్నది ఇంగ్లీషు మీడియంలోనే. పరీక్ష ముందు పది రోజులు బట్టీ వేస్తే గడిచిపోతుందిలే అనుకునే రోజులు కావివి.

మార్కులు బాగా వస్తే కలిగే మేలు కూడా మన ముంగిట్లోనే ఉంది. వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పదో తరగతి తర్వాత నేరుగా చేరితే ఆరేళ్ల చదువు. రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్లు ఇంజనీరింగు. మామూలుగా అక్కడ సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులు చూసే. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు కొంత వెయిటేజీ కూడా కలుపుతారు. పొలం పని చేసుకునే తల్లిదండ్రుల పిల్లలు ఎందరో ఆ గడప తొక్కారు.

చదవడం వేరు, గుర్తుండటం వేరు

పిల్లలు చదివే తీరు ఒకసారి గమనించండి. అదే పేజీని మూడుసార్లు, నాలుగుసార్లు చదువుతారు. రంగు పెన్నుతో గీతలు గీస్తారు. "వచ్చేసింది" అనుకుని పుస్తకం మూసేస్తారు. కళ్లముందు ఉన్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటాయి. వారం తిరిగేసరికి మాత్రం సగం గాలికి పోతుంది.

దీన్ని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపులు తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క రాసి ప్రచురించాడు. మరుపు ఎక్కువగా జరిగేది మొదటి కొద్ది గంటల్లోనే అని తేలింది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మధ్యమధ్య విరామమిచ్చి మళ్లీ మళ్లీ నేర్చుకుంటే మరుపు తగ్గుతుంది.

2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు ఇంకో పరీక్ష చేశారు. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని నాలుగు విడతలు చదవమన్నారు. కొందరిని ఒక్క విడత చదివి, తర్వాత మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివిన వాళ్లే ముందున్నారు. వాళ్లు నూటికి 83 వంతులు చెప్పారు, రెండో వాళ్లు 71 వంతులు. కానీ వారం తర్వాత అడిగేసరికి కథ తిరగబడింది. చదివిన వాళ్లకు గుర్తున్నది 40 వంతులు, చూడకుండా రాసిన వాళ్లకు గుర్తున్నది 61 వంతులు!

మన పెద్దవాళ్లకు ఈ సంగతి అనుభవంతోనే తెలుసు. వీధి బడిలో పాఠం "ఒప్పజెప్పనిదే" ఇంటికి పంపేవాళ్లు కాదు. పుస్తకం మూసి, చేతులు కట్టుకుని, ఎక్కడా చూడకుండా చెప్పాలి. అర్థం తెలియకుండా చిలకపలుకుల్లా చెప్పించడం అందులోని లోపం. చూడకుండా చెప్పించడం అందులోని బలం. ఆ లోపం తీసేసి బలం మాత్రం మనం ఉంచుకుందాం.

మన ప్రొద్దుటూరు అవధానాలకు పేరు పడిన ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి, సి.వి. సుబ్బన్న శతావధాని వంటి వారు అక్కడి వాళ్లే. అష్టావధానం చూసిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అవధాని ఒకరికి ఒక పద్యంలో ఒక పాదం చెబుతాడు, దాన్ని వదిలి ఇంకొకరి దగ్గరికి పోతాడు, మళ్లీ ఆవృతం తిరిగి వచ్చి మొదటి పద్యం ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి అందుకుంటాడు. చేతిలో కాగితం ఉండదు. అన్నీ అయ్యాక పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. దాన్నే ధారణ అంటారు. వదిలిపెట్టడం, కొంతసేపటికి చూడకుండా గుర్తు చేసుకోవడం, మళ్లీ వదిలిపెట్టడం... ధారణ గట్టిపడేది ఇట్లాగే. మన పిల్లలు అవధానులు కానక్కర్లేదు గానీ, ఈ కిటుకు వాళ్లకీ పనికొస్తుంది.

"నాకు చెప్పు" అనడం ఎట్లా?

మీరు ఉల్లిపాయలు తరుగుతున్నారనుకోండి. బడి నుంచి వచ్చిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. పుస్తకం మూసే ఉండాలి.

"ఏం పాఠం సెప్పినారు పాపా ఈరోజు?"

"ఆకులు అన్నం ఎట్లా తయారు చేసుకుంటాయో సెప్పినారు మా."

"ఎట్లా చేసుకుంటాయి?"

"ఎండ, నీళ్లు, గాలి కావాలి."

"గాలంటే మనం పీల్చేదేనా?"

"కాదుమా. మనం వదిలేది... కార్బన్ డయాక్సైడు."

"అన్నం అంటే మనం తినే అన్నమేనా దానికి?"

"అది... ఉండు మా, సూసొస్తా."

ఆ "ఉండు మా, సూసొస్తా" అన్న దగ్గరే మీ పని నెరవేరినట్టు! తనకు ఏది రాదో ఆ పిల్లకు తెలిసింది. ఇక తనే పుస్తకం తెరిచి వెతుక్కుంటుంది. ఇందులో మీరు చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు, గమనించారా?

అడగడానికి నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకోండి. ఏ పాఠానికైనా పనికొస్తాయి.

1. "అంటే ఏంది?" - అర్థం తన మాటల్లో చెప్పాలి.

2. "ఎందుకట్లా?" - కారణం చెప్పాలి.

3. "మన ఊళ్లో దీనికొక ఉదాహరణ చెప్పు." - పాఠాన్ని బతుకుతో ముడిపెట్టాలి.

4. "ఇంకేమైనా మిగిలిందా?" - వదిలేసింది వెతుక్కోవాలి.

సోషల్ అయితే కథలా చెప్పమనండి. గాంధీగారు 1930లో దండి దాకా ఎందుకు నడిచారు, ఉప్పు కోసం అంత గొడవ ఎందుకు అని అడగండి. ఉప్పు గురించి వంటింట్లో కాక ఇంకెక్కడ మాట్లాడుకుంటాం? లెక్క అయితే నోటితో చెప్పించడంతో సరిపోదు. బడిలో చేసిన లెక్కనే నోటుబుక్కు మూసి మళ్లీ చేయమనండి. చేశాక తనే నోటుబుక్కు తెరిచి పోల్చుకోవాలి. ఎక్కడ తప్పిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టమనండి. మర్నాడు చుక్క పెట్టినవే మళ్లీ చేయించండి.

ఇంగ్లీషు మీడియం పిల్లలు ముందు తెలుగులో చెబితే తప్పేం లేదు. విషయం అర్థమైతేనే కదా మాట దొరికేది! తెలుగులో చెప్పడం అయ్యాక, అదే సంగతి నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాయమనండి. పరీక్షలో రాయాల్సింది ఆ భాషలోనే కనుక ఈ రెండో మెట్టు వదలకూడదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మీ పిల్లల పుస్తకం అట్లాంటిదైతే తెలుగు పేజీ మీరే చదువుకుని ప్రశ్నలు అడగొచ్చు.

ఇంకో చిన్న పని. వంటింటి గోడ మీద క్యాలెండరు ఉంటుంది కదా, పాల లెక్క రాసుకునేది! పిల్లలు ఒక పాఠం ఒప్పజెప్పిన రోజున ఆ గడిలో పాఠం పేరు రాయండి. మూడు రోజుల తర్వాత గడిలో ఒకసారి, పది రోజుల తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి అదే పేరు రాసిపెట్టండి. ఆ రోజు వచ్చినప్పుడు అయిదు నిమిషాలు మళ్లీ అడగండి. మొత్తం పాఠం చదివించక్కర్లేదు. గుర్తుందా లేదా అని చూస్తే చాలు.

చోటూ, వేళా

అందరిళ్లలోనూ పిల్లలకు వేరే గది ఉండదు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఇల్లయితే పొద్దస్తమానం కడప బస్సులు, కర్నూలు లారీలు, ప్రొద్దుటూరు ఆటోల హారన్లే! గది లేకపోయినా ఒక మూల ఉంటే చాలు. రోజూ అదే మూల, అదే చాప, అదే వేళ. ఒకరోజు మంచం మీద, ఒకరోజు టీవీ ముందు అయితే మనసు కుదరదు. వెలుతురు ఎడమ వైపు నుంచి పడేట్టు చూడండి (ఎడమచేతి వాటం పిల్లలైతే కుడి వైపు నుంచి). పెన్ను, పెన్సిలు, స్కేలు, మంచినీళ్ల చెంబు ముందే పెట్టుకుంటే మాటిమాటికీ లేచే పని ఉండదు.

ఏకబిగిన మూడు గంటలు కూర్చోబెట్టడం కన్నా ముప్పావుగంట చదివించి పది నిమిషాలు లేవనివ్వడం మేలు. బడి రోజుల్లో ఇట్లా సర్దుకోవచ్చు:

ఉదయం 5.30 - లేవడం. 5.45 నుంచి 6.45 వరకు లెక్కలు, లేదా కష్టంగా ఉండే సబ్జెక్టు.

సాయంత్రం 5 నుంచి 6 వరకు - పలారం, ఆట, స్నానం. ఆట మాన్పించకండి!

6 నుంచి 6.45 - ఆ రోజు బడిలో చెప్పిన పాఠాలు.

7 నుంచి 7.45 - రాత పని.

7.45 నుంచి 8.15 - భోజనం.

8.15 నుంచి 8.45 - అమ్మకు ఒప్పజెప్పడం.

9.30 - నిద్ర.

"పదో తరగతి పిల్లోడు తొమ్మిదిన్నరకే పండుకోవడమా?" అని ముక్కున వేలేసుకోకండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. తెల్లవారుజామున లేపాలంటే రాత్రి త్వరగా పడుకోబెట్టాలి. రాత్రి పన్నెండు దాకా చదివించి, మళ్లీ నాలుగింటికి నీళ్లు చల్లి లేపితే ఏ పూటా సరిగా చదవలేరు.

ఆదివారం ఒక పూట పాత ప్రశ్నపత్రం రాయించండి. 2025లో పరీక్షలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముప్పావు వరకు జరిగాయి. అదే వేళకు, గడియారం ఎదురుగా పెట్టి, మధ్యలో లేవకుండా రాయించడం మంచిది. మూడు గంటలకు పైగా చెయ్యి నొప్పి పుట్టకుండా రాయడం కూడా ఒక అలవాటే!

సెల్‌ఫోను అనే అప్రస్తుత ప్రసంగం

అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకరుంటారు. అవధాని పద్యం కడుతుంటే పక్కదారి పట్టించే మాటలు అడుగుతుంటాడు. మన పిల్లల పక్కన ఆ పని సెల్‌ఫోను చేస్తోంది. అవధాని అయితే దానికీ జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి రాగలడు. పధ్నాలుగేళ్ల పిల్లవాడు రాలేడు.

"డౌట్లు యూట్యూబ్‌లో సూస్తాండాను మా" అంటాడు. నిజమే కావచ్చు. అట్లాంటప్పుడు వచ్చిన సందేహాలన్నీ ఒక కాగితం మీద రాసుకోమనండి. చదువు అయ్యాక, పావుగంట, మీ ఎదురుగా కూర్చుని అన్నీ ఒకేసారి చూసుకోవచ్చు. మిగతా వేళ ఫోను వంటింటి అలమరలో ఉండాలి. ఒక్క షరతు... ఆ వేళ మీ ఫోను, ఇంటాయన ఫోను కూడా అక్కడే ఉండాలి! మనం సీరియల్ చూస్తూ, రీల్స్ చూస్తూ "నువ్వు సదువుకో" అంటే వినే పిల్లలు ఏ ఊళ్లోనూ ఉండరు.

ఆడపిల్ల చేతిలో పుస్తకమా, చీపురా?

ఈ మాట కాస్త కటువుగానే చెప్పుకోవాలి. ఒకే ఇంట్లో అన్నా చెల్లెలు చదువుకుంటుంటారు. "రేయ్, వాన్ని కదిలించొద్దండి, సదువుకుంటాండాడు" అంటాం. అదే నోటితో "పాపా, ఆ గిన్నెలు కడిగిపో, చెల్లికి జడ వెయ్యి" అంటాం. పసుపు ఎండబెట్టే రోజుల్లో కాపలాకు పోయేదీ, మగ్గం ఇంట్లో కండెలు చుట్టేదీ చాలాసార్లు ఆడపిల్లే.

ఇంత పని చేస్తూ కూడా వాళ్లే ముందుంటున్నారు. 2022లో ఆడపిల్లలు నూటికి 70.70 మంది, మగపిల్లలు 64.02 మంది పాసయ్యారు. 2025లో ఆడపిల్లలు 84.09, మగపిల్లలు 78.31. "చూశారా, పని చేసినా పాసవుతున్నారు కదా!" అనుకోకండి. ఆ గిన్నెల గంట కూడా పుస్తకానికి ఇస్తే ఇడుపులపాయలో సీటు వచ్చేదేమో ఎవరికి తెలుసు? పరీక్ష తప్పిన మగపిల్లవాణ్ణి "మళ్లీ రాయిద్దాం" అంటారు. తప్పిన ఆడపిల్ల సంగతికి వస్తే, చుట్టాలు ముందుగా ఎత్తే మాట ఏమిటో మనందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం చట్టప్రకారం నేరం. పదితో చదువు ఆగిన పిల్లకు ఆ మూడేళ్లూ ఇంట్లో ఎంత భారంగా గడుస్తాయో తల్లికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

పిల్లలు అసలు పని చేయకూడదని కాదు. పని పంచండి. పాపకు గిన్నెలైతే బాబుకు నీళ్లు పట్టడం. పరీక్షల మూడు నెలలూ ఇద్దరికీ సమానంగా తగ్గించండి. ఏ పనైనా చదువు వేళలోకి రాకుండా చూడండి.

నాయన కువైట్‌లో ఉంటే?

మన జిల్లాలో కువైట్, సౌదీ వెళ్లిన కుటుంబాలు తక్కువేమీ కాదు. కొన్నిచోట్ల నాయన, కొన్నిచోట్ల అమ్మే వెళ్లి ఉంటుంది. పిల్లలు జేజి దగ్గరో, చిన్నమ్మ దగ్గరో ఉంటారు. జేజికి అక్షరం రాకపోయినా ఫర్వాలేదు. ఆమె మంచి శ్రోత! "నాకు తెలీదు, నువ్వే సెప్పాల" అని నిజాయితీగా అడగగలిగేది ఆమే. పిల్లలకు కూడా జేజికి చెప్పడమంటే సరదా.

దూరాన ఉన్న అమ్మానాన్నలు ఫోను చేసినప్పుడు "బాగా సదువుతాండావా?" అని అడిగితే "ఆ" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు "ఈరోజు సెప్పిన పాఠం నాకు ఐదు నిమిషాలు సెప్పు" అని అడగమనండి. డబ్బు పంపడంతో పాటు ఆ అయిదు నిమిషాలు కూడా పంపినట్టవుతుంది.

బడి గడప తొక్కండి

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు ఒకేరోజు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి కడప మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. 2025 జులై 10న మళ్లీ జరిగాయి. ఇట్లాంటి రోజున వెళ్లి, మార్కుల కాగితం మీద సంతకం పెట్టి వచ్చేయకండి. మూడు సంగతులు అడగండి. "మా పాప ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర వెనకపడింది? తరగతిలో సందేహం అడుగుతుందా? ఇంట్లో నేను ఏం చూడాలి?" ఈ మూడో ప్రశ్న అడిగిన తల్లి అంటే అయ్యవార్లకు ప్రత్యేకమైన గౌరవం.

పోలిక వద్దు, బెదిరింపు వద్దు

"పక్కింటి పిల్లకు అయిదు వందల ఎనభై వచ్చాయంట" అన్న మాట ఏ పిల్లలకూ ఒక్క మార్కు కలపలేదు. పోల్చాలంటే పోయిన నెల మార్కులతో పోల్చండి. ముప్పై అయిదు నుంచి నలభై రెండుకు వస్తే అది పాయసం చేసుకునేంత సంగతే!

ఒకవేళ తప్పినా, అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. 2025లో ఏప్రిల్ 23న ఫలితాలు వస్తే మే 19 నుంచే సప్లిమెంటరీ పెట్టారు. ఏడాది వృథా కాదు. ఈ మాట ఫలితాల రోజున కాదు, పరీక్షలకు ముందే పిల్లలకు చెప్పి ఉంచండి. ఫలితాల రోజున పిల్లల్ని ఒంటరిగా వదలకండి. తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, "నేనెందుకు బతకాలి" వంటి మాట నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీమానస్ వారు డబ్బు తీసుకోకుండా, ఏ వేళకైనా మాట్లాడతారు. పరీక్ష మళ్లీ వస్తుంది. పిల్లలకన్నా మనకు ఏదీ ఎక్కువ కాదు.

పరీక్షల వేళ పొట్ట సంగతి

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువైతే నీరసం, పుస్తకం పట్టుకుంటే కునుకుపాట్లు. అంచేత చదువుకునే పిల్లలకు ఆకుకూర, పప్పు, గుడ్డు, శనక్కాయలు, బెల్లం తరచూ పెట్టండి. కూర మీద కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిద్ర ఆపడానికని రాత్రిళ్లు టీ మీద టీ ఇవ్వకండి.

రాగి జావ: రెండు పెద్ద చెంచాల రాగి పిండిని అర గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఒకటిన్నర గ్లాసు నీళ్లు మరిగించి, సన్న మంట మీద ఈ పిండి పోస్తూ కలుపుతూ ఉండండి. పచ్చివాసన పోయి, చిక్కబడి మెరుపు వచ్చాక దించండి. చల్లారాక గ్లాసు మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు కలిపితే ఇద్దరికి సరిపోతుంది. మార్చి ఎండల్లో పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు ఇది ఎంతో చలువ.

శనక్కాయల ఉండలు: రెండు గ్లాసుల శనగ్గింజలు దోరగా వేయించి పొట్టు తీయండి. గ్లాసున్నర బెల్లం తరుగులో పావు గ్లాసు నీళ్లు పోసి, కరిగాక వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కావాలి. గింజలు వేసి కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే ఉండలు చుట్టండి. గాలి పోని డబ్బాలో పెడితే చాలా రోజులు నిలవుంటాయి. సాయంత్రం ఒప్పజెప్పడానికి వచ్చే పిల్లలకు ఒక్కో ఉండ చేతిలో పెట్టండి. పిలవకుండానే వస్తారు!

ఈ అలవాటు పదో తరగతిలోనే మొదలుపెట్టాలని లేదు. ఆరో తరగతిలో మొదలుపెడితే పదికి వచ్చేసరికి మీరు అడగక్కర్లేదు, పిల్లలే పుస్తకం మూసి తమను తాము అడుక్కుంటారు. మొదటి వారం విసుక్కుంటారు, "నీకేం తెలుసు మా" అంటారు. "తెలీదు కాబట్టే అడుగుతాండా" అని నవ్వుతూ చెప్పండి. రోజూ అరగంటే కదా... ఈ రాత్రి నుంచే మొదలుపెట్టి చూడండి.